ఐదు నిమిషాల కోపానికి కొబ్బరాకు బూర

సాయంత్రమైతే యానాం జనమంతా గౌతమి గట్టు మీదే ఉంటారు. పిల్లలున్నచోట బుడగలవాడుంటాడు, పీచుమిఠాయి ఉంటుంది, వాటి వెనకాలే పేచీ కూడా ఉంటుంది. మూడేళ్లవాడు నేలమీద కూలబడి కాళ్లు తపతపా కొట్టుకుంటూ ఏడుస్తుంటే చుట్టూ ఉన్నవాళ్లు తలో వైద్యం చెబుతారు. "కొనిచ్చెయ్యండీ పాపం" అని ఒకరు. "ఒక్కటి తగిలించండి, అదే మానతాడు" అని మరొకరు. "అదిగో పోలీసొస్తన్నాడు" అని ఇంకొకరు. తల్లి ఇవేవీ పట్టించుకోకుండా చేతిసంచిలోంచి ఫోను తీసి వాడి చేతిలో పెడుతుంది. ఏడుపు ఠక్కున ఆగిపోతుంది.

అలా ఠక్కున ఆగడంతోనే చిక్కంతా. అమెరికాలో మిషిగన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు మూడు నుంచి ఐదేళ్ల పిల్లల్ని కొన్ని నెలలపాటు గమనించి, 2022 చివర్లో ఫలితాలు ప్రచురించారు. ఏడుపు మాన్పడానికి తరచూ ఫోనో టాబ్లెట్టో ఇస్తూ వచ్చిన పిల్లల్లో చిన్న విషయానికే రెచ్చిపోయే గుణం పెరిగింది. మగపిల్లల్లో, పుట్టుకతోనే కాస్త దుడుకుగా ఉండే పిల్లల్లో ఇది మరీ స్పష్టంగా కనపడింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే ఒక లెక్క చెప్పింది: ఏడాదిలోపు బిడ్డకు తెర అసలు వద్దు, రెండు నుంచి నాలుగేళ్లవాళ్లకు రోజుకు గంట మించొద్దు. ఆ గంట అన్నం తినిపించేటప్పుడే అయిపోతోందన్నది వేరే సంగతి.

మరి ఫోను ఇవ్వకపోతే ఏం చేయాలి? దానికి ముందు పేచీ ఎంతసేపుంటుందో తెలియాలి. మైకేల్ పొటెగల్, రిచర్డ్ డేవిడ్‌సన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఏడాదిన్నర నుంచి ఐదేళ్లలోపు పిల్లల పేచీల గురించి తల్లిదండ్రులు రాసిచ్చిన వివరాలను నిమిషం నిమిషం చొప్పున విడదీసి చూశారు. 2003లో వచ్చిన ఆ పరిశీలన ప్రకారం నాలుగింట మూడు వంతుల పేచీలు ఐదు నిమిషాల్లోపే ముగిశాయి. అరుపులు, తన్నులు మొదట్లోనే తారస్థాయికి వెళ్లి దిగిపోతాయి. వెక్కిళ్లు, దిగులు మాత్రం చివరిదాకా సాగుతాయి. తల్లిదండ్రులకు గంటలా అనిపించేది చాలాసార్లు అన్నం వార్చినంత సేపు కూడా ఉండదన్నమాట.

కాబట్టి పిల్లల్ని శాంతపరచడానికి ఇంట్లో చేసుకునే వస్తువులకు దక్కే పేరులో సగం గడియారానికే చెందాలి. కోపం ఎలాగూ దిగిపోయేదే. ఆ ఐదు నిమిషాలూ పెద్దవాళ్ల చెయ్యి పిల్లాడి వీపు మీదికీ ఫోను మీదికీ పోకుండా ఉండాలంటే ఆ చేతికి ఇంకో పని కావాలి. ఆ పనికి గోదావరి డెల్టాలో పెరట్లో దొరికేదాన్ని మించింది లేదు.

యానాంలో నిలబడి చూస్తే అవతల ఒడ్డున ఎదుర్లంక, దాని వెనక కోనసీమ కొబ్బరితోటలు. ఈ ఊళ్లలో కొబ్బరాకు బూర తెలియని మామ్మ ఉండదు. ఆకు నుంచి ఈనె చీల్చి తీసేస్తారు. మిగిలిన పట్టీని సన్నగా, బిగువుగా చుట్టడం మొదలుపెట్టి, ఒకదాని అంచు మీద ఇంకోటి ఎక్కిస్తూ పోతే మూతి వెడల్పవుతుంది. చివర ఊడిపోకుండా ఈనె ముక్క గుచ్చుతారు. సన్నటి కొనలో మడిచిన చిన్న ఆకు పీక పెడితే బూర సిద్ధం. "ఏడుపు తరవాత ఏడుద్దువుగాని, ముందీ ఈనె పట్టుకో నాన్నా, జారిపోద్ది" అంటుంది మామ్మ. వాడు వెక్కుతూనే పట్టుకుంటాడు. రెండు చేతులకూ పని దొరికింది, కళ్లు మామ్మ వేళ్ల మీద పడ్డాయి. బూర పూర్తయ్యేసరికి ఆ ఐదు నిమిషాల్లో చాలా భాగం గడిచిపోయింది.

అసలు మందు ఆ తర్వాత ఉంది. బుగ్గలు పొంగించి ఒక్క ఊపున ఊదితే బూర బుస్సుమంటుంది. పెదాలు బిగించి, ఊపిరి నిలిపి సన్నగా వదిలితేనే పలుకుతుంది. మనిషి ఊపిరి పీల్చినప్పుడు గుండె కాస్త వేగంగా, వదిలినప్పుడు కాస్త నెమ్మదిగా కొట్టుకుంటుంది. మెదడు నుంచి గుండెకు వెళ్లే వేగస్ నాడి చేసే పని ఇది. వదిలే ఊపిరి ఎంత పొడుగైతే గుండె కుదుటపడడానికి అంత వ్యవధి దొరుకుతుంది. మూడేళ్లవాడికి "గాలి నెమ్మదిగా వదులు" అని చెబితే ఒంటబట్టదు, బూరో గాలిమరో ఇస్తే చెప్పకుండానే వదులుతాడు. రెండు కొబ్బరాకు పట్టీలను ఒకదాన్లో ఒకటి మెలేసి ఈనెకు తగిలించిన గాలిమర ఇంకా తేలిక, చప్పుడు కూడా ఉండదు. పక్కింటివాళ్లు నిద్రపోయే వేళ అయితే బూరకన్నా గాలిమరే మేలు.

వేసవిలో ఇంకో బొమ్మ వస్తుంది. ముంజులు తినేసిన తాటికాయలు రెండు, వాటి మధ్య ఒక పుల్ల, తోయడానికి ఒక పంగల కర్ర ఉంటే బండి సిద్ధం. ఒళ్లంతా ఊపు మీదున్న పిల్లాణ్ణి కూర్చోబెట్టి శాంతించమంటే శాంతించడు. బండి ఇచ్చి వీధి చివరిదాకా తోసుకు రమ్మంటే అలిసిపోయి తనే వస్తాడు.

ఇప్పుడు పట్టణాల ప్లేస్కూళ్లలో బాగా కనపడేది మెరుపుల సీసా. పారదర్శకమైన ప్లాస్టిక్ సీసాలో మూడొంతులు నీళ్లు, కాస్త జిగురు, గుప్పెడు చెమ్కీలు వేసి మూత బిగిస్తారు. కుదిపి, చెమ్కీలన్నీ అడుగుకు చేరేదాకా చూస్తూ కూర్చోమంటారు. జిగురు ఎంత పోస్తే అంత నెమ్మదిగా దిగుతాయి కాబట్టి వ్యవధి మన చేతిలో ఉంటుంది. గోదారి ఒడ్డు పిల్లలకు చెమ్కీలు కొననక్కర్లేదు. వరదల రోజుల్లో ఎర్రనీళ్లు ఒక సీసాలో పట్టి ఉంచితే చాలు. ఇసుక క్షణాల్లో అడుగున పడుతుంది, ఒండ్రు మాత్రం గంటలకొద్దీ నీళ్లలోనే తేలుతుంటుంది. కుళాయిలు రాకముందు ఈ నీళ్లనే చిల్లగింజ అరగదీసి తేర్చుకుని తాగేవాళ్లు. పిల్లాడి చేత చిన్న పటిక ముక్క వేయించి, నీళ్లు తేరుకోవడం చూపిస్తే సగంరోజు కాలక్షేపం. కోపం సంగతి వాడికి ఎప్పుడో మరుపొచ్చేస్తుంది. ఆ నీళ్లు తాగకుండా చూసుకోవడం పెద్దవాళ్ల వంతు.

ఇళ్లలో మూలకు పడి ఉండే పాత శుభలేఖలు కూడా ఇందుకు పనికొస్తాయి. వాటి అట్ట వెనక కోపం, ఏడుపు, భయం, ఆకలి, నిద్ర, ఇలా ఒక్కోదానికి ఒక్కో మొహం గీసి తాడుకు గుచ్చుతారు. మాటలు ఇంకా సరిగా రాని పిల్ల తనకేమైందో వేలితో చూపిస్తుంది. ఆకలి మొహం మీద వేలు పెట్టిన పిల్లకు నీతిబోధ అక్కర్లేదు, అన్నం కావాలి. పొద్దున లేవడం నుంచి రాత్రి పడుకోవడం దాకా పనులన్నీ వరసగా బొమ్మలు గీసి గోడకు అంటిస్తే "ఇప్పుడేంటి, తర్వాతేంటి" అన్న గొడవలు తగ్గుతాయి. మంచిపనికో చుక్క పెట్టే పట్టీలు కొన్నాళ్లు పనిచేస్తాయి. ఆ తర్వాత పిల్లలు చుక్కకు బేరం పెట్టడం మొదలుపెడతారు.

అలిగినవాళ్లకు ఒక చోటు కేటాయించడం తెలుగువాళ్లకు కొత్తేమీ కాదు. పెళ్లిలో కొత్తల్లుడికి ఏకంగా అలకపాన్పే వేస్తారు. ఇప్పుడు బాలవాడీల్లో, ఇళ్లలో ఏర్పాటు చేసుకోమంటున్న 'శాంతి మూల' దానికి దగ్గరిదే. ఒక పాత బొంత, ఒక దిండు, రెట్టింపు కుట్లు వేసిన గుడ్డసంచిలో పోసిన బియ్యం మూట, ఒకటి రెండు బొమ్మల పుస్తకాలు ఉంటే సరిపోతుంది. బియ్యం మూట ఒళ్లో పెట్టుకుని పిసుకుతుంటే పిడికిళ్లు సడలుతాయి. తేడా ఒక్కచోటే ఉంది. అలకపాన్పు మీద అల్లుడు బండో ఉంగరమో చేతికొచ్చాకే లేస్తాడు. పిల్లాడు మాత్రం కోపం దిగగానే, ఏమీ చేతికి రాకుండానే లేవాలి. చివర చాక్లెట్ పెడితే మర్నాటి నుంచి ఆ మూల కూడా బేరసారాల చోటే అవుతుంది. "పో, వెళ్లి ఆ మూల కూర్చో" అని గెంటితే గోడకుర్చీకీ దానికీ తేడా ఉండదు.

అందుకే ఈ సరంజామా అంతా పిల్లలు హాయిగా ఉన్నప్పుడే అలవాటు చేయాలి. ఈ పాఠం గుజరాత్‌కు చెందిన గిజూభాయి బధేకా ఏనాడో చెప్పారు. 1920లో భావనగర్‌లో బాలమందిరం పెట్టిన ఆయన రాసిన పుస్తకం తెలుగులో 'పగటి కల'గా వచ్చింది. అందులో ఉపాధ్యాయుడు మొదటిరోజే తరగతిలో తలుపులు వేయించి శాంతి ఆట ఆడించబోతాడు. పిల్లలు గోలగోల చేసి ఆయన్ని ఓడిస్తారు. మర్నాడు కథ ఎత్తుకుంటే అందరూ చెవులప్పగిస్తారు. అదే మౌనం ఆట రోమ్‌లో మరియా మాంటిస్సోరి ఆడిస్తే పండింది. 1907లో మొదలైన తన బాలల గృహంలోకి ఆమె ఒకరోజు నాలుగు నెలల పసిగుడ్డును తీసుకొచ్చి, ఈ బిడ్డ ఊపిరి ఎంత మెల్లగా ఉందో చూడండని చూపించింది. పిల్లలు దానితో పోటీపడి కదలకుండా కూర్చున్నారు. అప్పటికే వాళ్లకు ఆమె అన్నా ఆ చోటన్నా చనువు ఏర్పడింది. 1939లో మద్రాసు వచ్చిన మాంటిస్సోరి యుద్ధం వల్ల చాలాకాలం ఈ దేశంలోనే ఉండి వందలమందికి శిక్షణ ఇచ్చింది. విజయవాడలో వి. కోటేశ్వరమ్మ 1955లో ఆమె పేరు మీదే బడి తెరిచారు.

చెత్తలోంచి బొమ్మలు చేయడం నేర్పిన అరవింద్ గుప్తా పుస్తకాలు కొన్ని తెలుగులోనూ ఉన్నాయి. కాన్పూర్ ఐఐటీలో ఇంజనీరింగ్ చదివిన ఆయన అగ్గిపుల్లలు, సైకిల్ వాల్వుట్యూబు, పాత పేపర్లతో బొమ్మలు చేయిస్తూ దేశమంతా తిరిగారు, 2018లో పద్మశ్రీ అందుకున్నారు. ప్రభుత్వం కూడా ఇటీవల ఆ దారి పట్టింది. మూడు నుంచి ఎనిమిదేళ్లవాళ్ల కోసం 2023లో 'జాదూయీ పిటారా' అనే బొమ్మల పెట్టె తెచ్చింది. 2024లో అంగన్‌వాడీల కోసం మూడేళ్లలోపు వాళ్లకు 'నవచేతన', మూడు నుంచి ఆరేళ్లవాళ్లకు 'ఆధారశిల' అని రెండు ప్రణాళికలు విడుదల చేసింది. పెట్టె సర్కారుదైనా ఇంటిదైనా, బీరువాలో భద్రంగా తాళం వేసి ఉంచితే ఎందుకూ కొరగాదు.

పసిబిడ్డల విషయానికొస్తే పాత చీరతో కట్టిన ఉయ్యాలలో ఉన్నలాంటి కదలికే మందని ఇప్పుడు ప్రయోగశాలలూ ఒప్పుకుంటున్నాయి. జపాన్‌లోని రికెన్ సంస్థ పరిశోధకులు 2013లో చూపించిన సంగతి ఇది: ఆరు నెలల్లోపు బిడ్డను తల్లి ఎత్తుకుని నడవగానే ఏడుపు తగ్గుతుంది, గుండె వేగం పడిపోతుంది. ఊరికే ఎత్తుకుని కూర్చుంటే అంత ఫలితం రాలేదు. 2022లో వాళ్లే ఇంకాస్త వివరం చెప్పారు. ఏడుస్తున్న బిడ్డను ఐదు నిమిషాలు ఎత్తుకుని నడిచి, నిద్రపోయాక మరో ఐదు నుంచి ఎనిమిది నిమిషాలు ఒళ్లోనే ఉంచుకుని, అప్పుడు పడుకోబెడితే మళ్లీ లేవడం తక్కువట. అమ్మమ్మలు గడియారం చూసుకోలేదు గానీ చేసేది అదే.

చీర ఉయ్యాలతో ప్రమాదమూ ఉంది. నడక వచ్చిన పిల్లలు, బడికెళ్లే అన్నయ్యలు అందులో కూర్చుని గిర్రున తిరుగుతారు, చీర మెలిపడి మెడకు చుట్టుకుంటుంది. ప్రాణాలు పోయిన సంఘటనలు పత్రికల్లో వస్తూనే ఉంటాయి. పసిబిడ్డ లేచిన వెంటనే చీరను పైకి ముడేయడం ఒక్కటే మార్గం. అలాగే పిండి నింపి పిసికే బంతి కోసం రబ్బరు బుడగ వాడొద్దు. ఊదని బుడగ, చిరిగిన ముక్క గొంతుకు అడ్డంపడితే తీయడం కష్టం, ఎనిమిదేళ్లలోపు పిల్లలకు ఆ ముప్పు ఎక్కువ. చెమ్కీల సీసా మూతను గట్టి జిగురుతో అంటించెయ్యాలి. గవ్వలు, చింతగింజలతో ఆటలు మూడేళ్లు దాటాకే.

పిల్లల నోరు మూయించడానికి మనుషులు ఇంతకన్నా ఘోరమైనవే వాడారు. పందొమ్మిదో శతాబ్దపు ఇంగ్లండులో నల్లమందు కలిపిన 'గాడ్‌ఫ్రీస్ కార్డియల్' సీసాలు పసిపిల్లల మందుగా అమ్మారు. బొంబాయిలో మిల్లు పనికి వెళ్లే తల్లులు బిడ్డ సాయంత్రందాకా పడుకునేందుకు 'బాలగోళీ' వేసేవాళ్లు, అందులో ఉన్నదీ నల్లమందే. ఇప్పుడు దెబ్బ, బూచాడు, సూదిమందు బెదిరింపు మిగిలాయి. బళ్లో పిల్లల్ని కొట్టడం, మానసికంగా వేధించడం 2009 నాటి విద్యాహక్కు చట్టం నిషేధించింది. ఒకప్పుడు యానాన్ని ఏలిన ఫ్రాన్సు 2019 జులైలో తల్లిదండ్రులు ఇంట్లో చెయ్యి చేసుకోవడాన్ని కూడా చట్టంలో తప్పుపట్టింది. మన చట్టం గడప దాటి ఇంట్లోకి ఇంకా రాలేదు.

బూరలూ సీసాలూ పనిచేయని పేచీలు కొన్ని ఉంటాయి. గుక్కపట్టి ఏడుస్తూ నీలంగా మారిపోయి, కొన్ని క్షణాలు స్పృహ తప్పే పిల్లలుంటారు. సాధారణంగా ఆరు నెలల తర్వాత మొదలై ఆరేళ్లలోపు దానంతటదే పోయే సమస్య ఇది. ఇలాంటి చాలామంది పిల్లల్లో ఒంట్లో ఇనుము తక్కువగా ఉంటుంది, ఇనుము మందు వాడితే గుక్కలు తగ్గుతాయి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశంలో ఐదేళ్లలోపు పిల్లల్లో 67 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది గనక, గుక్కపట్టే బిడ్డకు ముందు రక్తపరీక్ష చేయించడం మంచిది. పేచీ రోజుకు చాలాసార్లు, ఒక్కోసారి అరగంటకు పైగా సాగుతున్నా, పిల్లాడు తల గోడకు కొట్టుకుంటున్నా, రెండేళ్లు దాటినా మాటలు రాకపోయినా, పిలిస్తే పలక్కపోయినా అల్లరి అని సరిపెట్టుకోకూడదు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీలకు వచ్చే వైద్యబృందం ఇలాంటి పిల్లల్ని ఉచితంగా పరీక్షించి, అవసరమైతే జిల్లా స్థాయి కేంద్రానికి పంపుతుంది. ఆ బృందం ఏ రోజు వస్తుందో అంగన్‌వాడీ టీచరును అడిగితే చెబుతుంది.