పోర్టబుల్ ఆక్సిజన్ కాన్సంట్రేటర్ కొంటున్నారా? డిస్‌ప్లే మీద 6 అంటే 6 లీటర్లు కాదు!

200 మెగాపిక్సెల్ అని రాసి ఉన్నంత మాత్రాన ఫోన్ కెమెరా బాగుంటుందని మనం నమ్మం. ఆక్సిజన్ మెషిన్ దగ్గరికొచ్చేసరికి మాత్రం పెట్టె మీది పెద్ద అంకె చూసి కొనేస్తాం. ఊపిరితిత్తుల జబ్బున్న మా పెదనాన్నని విజయవాడ నుంచి ఢిల్లీకి ఫ్లైట్‌లో తీసుకెళ్లాల్సి వచ్చింది. అందుకని ఈ మెషిన్ల స్పెక్ షీట్లు ముందేసుకుని కూర్చున్నాను. మీ ఇంట్లో అవసరం పడితే చూడాల్సినవి ఇవి.

లోపల ఏం జరుగుతుంది?

గాలిలో 78 శాతం నైట్రోజన్, 21 శాతం ఆక్సిజన్. మెషిన్‌లోని కంప్రెసర్ ఆ గాలిని జియోలైట్ గుళికల్లోకి ఒత్తిడితో పంపుతుంది. నైట్రోజన్ వాటికి పట్టుకుంటుంది, 90 శాతం పైగా ఆక్సిజన్ ఉన్న గాలి బయటికొస్తుంది. సిలిండర్‌లా ఖాళీ అవదు, కానీ కరెంటో బ్యాటరీయో కావాలి.

1. పల్సా, కంటిన్యుయసా?

ఇంట్లో పెట్టుకునే 5 లీటర్ల మెషిన్ ఆగకుండా ఆక్సిజన్ వదులుతుంది. బరువు 14 కిలోల దాకా, కరెంటు 350 వాట్ల దాకా. భుజాన వేసుకునే చిన్నవి ఎక్కువగా పల్స్ రకం: ఊపిరి పీల్చినప్పుడే కొంచెం వదులుతాయి. ఉదాహరణకి ఇనోజెన్ వన్ జీ5 బరువు 2.2 కిలోలే. దాంట్లో 6వ సెట్టింగ్ అంటే నిమిషానికి 1,260 మిల్లీలీటర్లు. 2 మీద పెడితే 420, అంటే నిమిషానికి 20 సార్లు ఊపిరి తీస్తే ఒక్కోసారికి 21 మిల్లీలీటర్లు. పీల్చే మొదట్లోనే అందుతుంది కాబట్టి చాలామందికి సరిపోతుంది. నోటితో ఊపిరి తీసేవాళ్లకి, నిద్రలో మెల్లగా తీసేవాళ్లకి సెన్సర్ పట్టకపోవచ్చు. రాత్రికి ఏది వాడాలో డాక్టర్‌నే అడగండి.

2. ఆ ఫ్లో దగ్గర ప్యూరిటీ ఎంత?

2021 సెకండ్ వేవ్‌లో చాలామంది ‘1–7 లీటర్లు’ అని రాసిన మెషిన్లు తెచ్చుకున్నారు. వాటిలో కొన్నింటి మాన్యువల్ చూస్తే 1 లీటర్ దగ్గర 90 శాతం పైనే, 7 లీటర్లకి పెంచితే 30 శాతం చుట్టూ. మీకు కావాల్సిన ఫ్లో దగ్గర ఎంతిస్తుందో షీట్‌లో రాసి లేకపోతే ఆ మెషిన్ వదిలేయండి. ఆన్‌లైన్‌లో అమ్మే 10 లీటర్ల ఆక్సిజన్ క్యాన్ అయితే, నిమిషానికి 2 లీటర్ల చొప్పున ఐదే నిమిషాలు!

3. బ్యాటరీ, ఫ్లైట్

విమానం క్యాబిన్‌లో గాలి ఒత్తిడి 6,000–8,000 అడుగుల కొండ మీద ఉన్నట్టు ఉంటుంది. నేల మీద 15 శాతం ఆక్సిజన్ పీల్చడంతో సమానం. ఇంట్లో సరిపోయిన సెట్టింగ్ పైన చాలకపోవచ్చు. ప్రెషరైజేషన్ లేని చిన్న ప్రైవేట్ విమానాల పైలట్లకీ ఇదే సమస్య. అమెరికా రూల్ ప్రకారం 12,500 అడుగుల పైన అరగంట దాటితే పైలట్ ఆక్సిజన్ వాడాల్సిందే, వాళ్ల కిట్లలోనూ పల్స్ రకం ఉంటాయి.

కంపెనీ చెప్పే రన్‌టైమ్ 1వ సెట్టింగ్‌కి. జీ5 చిన్న బ్యాటరీకి ఆరున్నర గంటలంటారు, సెట్టింగ్ పెంచేకొద్దీ బాగా తగ్గుతుంది. చాలా ఎయిర్‌లైన్స్ ప్రయాణ సమయానికి ఒకటిన్నర రెట్లు బ్యాటరీ అడుగుతాయి. గన్నవరంలో వెయిటింగ్, అవతల ట్రాఫిక్ కూడా కలిపి లెక్కేయండి. వోల్ట్‌ని ఆంపియర్ అవర్‌తో గుణిస్తే వాట్ అవర్: 14.4 × 6.8 అంటే దాదాపు 98. 100 దాటితే ఎయిర్‌లైన్ అనుమతి కావాలి, 160 దాటితే క్యాబిన్‌లోకి రానివ్వరు. డాక్టర్ సర్టిఫికెట్, ఎయిర్‌లైన్ ఓకే టికెట్ కొన్నప్పుడే మొదలుపెట్టండి.

4. బెజవాడ ఎండ

పోర్టబుల్ మెషిన్లు చాలావరకు 40 డిగ్రీల దాకానే పనిచేస్తాయి. మే నెలలో మనకి అది మామూలే. ఎండలో పార్క్ చేసిన కార్లో మెషిన్ వదలొద్దు. ఫిల్టర్ కడుగుతుండండి. దీపం, గ్యాస్ స్టవ్, సిగరెట్ దగ్గర అసలు వాడొద్దు.

చివరిగా: ఆక్సిజన్ కూడా మందే. సీఓపీడీ ఉన్నవాళ్లకి మామూలుగా 88–92 శాతం రీడింగ్ చాలంటారు, ఎక్కువిస్తే ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ పెరిగే ప్రమాదం ఉంది. కొనేముందు ఆ మెషిన్నే ఒకటి రెండు రోజులు అద్దెకి తీసుకోండి. పెద్దాయనకి తగిలించి, డాక్టర్ ముందు ఆరు నిమిషాలు నడిపించి, ఆక్సీమీటర్ రీడింగ్ చూడండి. రీడింగ్ నిలబడిన సెట్టింగ్ ఏదో రాసుకుని, దాని మీద బ్యాటరీ ఎంతసేపొస్తుందో చూసి అప్పుడు డబ్బు కట్టండి.