కుందుర్పి నుంచి చైనా భోజనానికి

కుందుర్పి కోట కొండ చుట్టూ బండలు, ఎర్రనేల, వేరుశనగ చేలు. ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఏడాది సగటు వాన 550 మిల్లీమీటర్ల దరిదాపు. అదీ అందని ఏళ్లు చాలానే ఉన్నాయి. సముద్రం ఏ వైపున చూసినా రెండు వందల యాభై కిలోమీటర్ల పైమాటే. ఇక్కడి వాళ్లకు చేపంటే చెరువు నిండిన ఏడు దొరికే బొచ్చె, శీలావతి.

ఇలాంటి ఊళ్ల నుంచి బతుకుతెరువుకు బెంగళూరు చేరిన పిల్లలు, ఇంటి పెద్దలు చూడ్డానికి వస్తే ఆదివారం పూట చైనా హోటలుకు తీసుకెళ్తున్నారు. రొయ్యలు, చేపలు చెప్తారు. అవ్వ మాత్రం పళ్లెం వైపు అనుమానంగా చూసి, "ముద్ద లేదా నాయనా?" అని అడుగుతుంది. ఆమె ప్రశ్నలో చాలా న్యాయం ఉంది. ఆ సంగతి చివర్లో చెప్తాను.

మన హోటళ్లలో చైనా వంట పేరుతో వచ్చేది చాలావరకు కలకత్తా వంట. దక్షిణ చైనా నుంచి వలస వచ్చిన హక్కా కుటుంబాలు అక్కడి టాంగ్రాలో తోళ్ల పరిశ్రమలు నడుపుతూ, మన నాలుకకు తగ్గట్టు పచ్చిమిర్చి, అల్లం, వెల్లుల్లి దట్టించి వండటం మొదలుపెట్టాయి. చికెన్ మంచూరియాను 1975లో బొంబాయిలోని క్రికెట్ క్లబ్ ఆఫ్ ఇండియాలో నెల్సన్ వాంగ్ కనిపెట్టాడంటారు. ఆయన కూడా కలకత్తాలో పుట్టిన చైనీయుడే. మంచూరియా ప్రాంతానికీ ఆ వంటకీ సంబంధం లేదు.

బల్ల మీది రొయ్యకూ చైనాకూ చుట్టరికం లేదు. అది ఎక్కువగా భీమవరం, నెల్లూరు వైపు చెరువుల్లో పెరిగిన వనామీ రకం. దాని పుట్టిల్లు మెక్సికో నుంచి పెరూ దాకా ఉన్న పసిఫిక్ తీరం. 1990ల నడుమ తెల్లమచ్చల తెగులు మన టైగర్ రొయ్యను దెబ్బతీసింది. 2009లో వనామీ పెంపకానికి అనుమతి వచ్చాక కోస్తా చెరువులు దాని వైపు మళ్లాయి. మిరపకాయా, వేరుశనగా కూడా అమెరికా ఖండాల నుంచి వచ్చినవే.

రొయ్యల పళ్లెం వచ్చినప్పుడు ఒక్క క్షణం పరీక్షగా చూడండి. పచ్చిగా బూడిదరంగులో ఉండే రొయ్య వేడి తగలగానే ఎర్రబడుతుంది. ఆ ఎరుపు ముందునుంచీ దాని ఒంట్లోనే ఉంటుంది. ఒక ప్రొటీన్ దాన్ని పట్టి దాచిపెడుతుంది, వేడికి ఆ పట్టు వదిలి రంగు బయటపడుతుంది. రొయ్య సగం వంగి ఉంటే సరిగ్గా ఉడికినట్టు. తల, తోక కలిసేలా చుట్టుకుపోతే పొయ్యి మీద ఎక్కువసేపు ఉంచారన్నమాట, రబ్బరులా సాగుతుంది. మంచి వంటవాడు భగభగ మండే మంట మీద నిమిషం రెండు నిమిషాల్లో దించేస్తాడు.

అసలైన కాంటన్ (దక్షిణ చైనా) పద్ధతిలో సముద్రపు భోజనం ఇంకో తీరు. నీళ్లతొట్టెలో ఈదుతున్న చేపను తినేవాళ్లే ఎంచుకుంటారు. దాన్ని తలతో సహా ఆవిరి మీద ఉడికిస్తారు. పైన సన్నగా తరిగిన అల్లం, ఉల్లికాడలు పరిచి, పొగలు కక్కే నూనె పోస్తారు. చుయ్‌మంటుంది. చివర కాస్త సోయా సాస్, అంతే. ఆ నూనె చాలాచోట్ల వేరుశనగ నూనే. చేప తలను బల్ల దగ్గరున్న పెద్దల వైపు తిప్పి పెట్టడం వాళ్ల మర్యాద. ఎవరి పళ్లెం వాళ్లకు వడ్డించరు, అన్నీ నడుమ పెట్టుకుని అందరూ తీసుకుంటారు.

మనం పులుసు పెట్టే చేపను వాళ్లు ఇంత చప్పగా ఎలా తింటారని అడుగుతారు. ఒక కారణం తీరం నుంచి దూరం. ఉప్పునీటిని తట్టుకోవడానికి సముద్రపు చేప ట్రైమిథైలమైన్ ఆక్సైడ్ అనే పదార్థాన్ని ఒంట్లో నిలవ ఉంచుకుంటుంది. చచ్చాక బాక్టీరియా దాన్ని ట్రైమిథైలమైన్‌గా మారుస్తుంది. నీసు వాసనలో పెద్ద పాలు దానిదే. పులుపు తగిలితే అది గాలిలోకి లేవదు. అందుకే తీరానికి దూరమయ్యేకొద్దీ చింతపండు, నిమ్మకాయ ఎక్కువగా అక్కరకొస్తాయి. పులుసు మన పెద్దల నేర్పు, నాకు దాని మీద గౌరవం ఉంది. ఆవిరి చేప మాత్రం నిజంగా తాజాగా ఉంటేనే తెప్పించుకోండి. లేదంటే పుల్లపుల్లగా, కారంగా వండిందే మేలు.

ఇక అవ్వ అడిగిన ముద్ద సంగతి. ఆ బల్ల మీద చైనాలో పుట్టింది వెతికితే సోయా, వరి తప్ప పెద్దగా దొరకదు. అనంతపురం మెట్టచేలల్లో మాత్రం ఇంకొకటి దొరుకుతుంది: కొర్రలు. ఉత్తర చైనా రైతులు ఎనిమిది వేల ఏళ్ల కిందటే వాటిని పండించారని తవ్వకాల్లో దొరికిన గింజలు చెప్తున్నాయి. తక్కువ వానకు, తక్కువ రోజులకు చేతికొచ్చే పంట అది. అక్కడి పొడినేలలకు సరిపోయినట్టే ఇక్కడి ఎర్రనేలలకూ సరిపోయింది. వేరుశనగ వచ్చి దాన్ని పక్కకు నెట్టింది. కొర్రన్నం చల్లారితే పొడిపొడిగా విడుతుంది, ఫ్రైడ్ రైసుకు కావలసిన గుణం అదే. బెంగళూరు హోటళ్లు బియ్యానికి బదులు అది వాడితే, కుందుర్పి రైతుకు వేరుశనగ కాక ఇంకో పంట ఉందన్న ధైర్యం వస్తుంది, అవ్వకూ ఆ బల్ల దగ్గర తెలిసిన ముద్ద ఒకటి దొరుకుతుంది.