నీలిదీపముల లెక్క

అమెరికా సంయుక్త రాష్ట్రములలోని పెక్కు విశ్వవిద్యాలయముల ఆవరణలలో, ప్రొద్దు గ్రుంకిన పిదప, చెట్ల నడుమను బాటల ప్రక్కను నీలిదీపములు వెలుగుచుండును. దీపము క్రింద ఒక స్తంభము, స్తంభమునకొక మీట. ఆపదలో నున్నవారు మీట నొక్కినంతనే రక్షకభటులతో మాటాడవచ్చును. తామెక్కడ నున్నదియు చెప్పనక్కరలేదు. ఏ స్తంభమునుండి పిలుపు వచ్చినదో అవతలివారికి తెలియును. భయముచే నోట మాట రానివారికి ఇది చిన్న మేలు కాదు. తెలుగు బిడ్డలు వేలకొలదిగా ఆ దేశమునకు చదువులకై పోవుచున్నారు గనుక, ఈ విషయము మనకును దూరము కాదు.

స్తంభములు ఎచ్చటెచ్చట నున్నవో పటముపై గుర్తించుట సులభము. అవి చాలునా యని తేల్చుటయే కష్టము. ఒక్కొక్క స్తంభము చుట్టును వృత్తము గీసి, వృత్తములన్నియు కలిసి ఆవరణను కప్పినచో తృప్తి చెందుట కలదు. కాని మనుష్యుడు పక్షివలె ఎగిరిపోడు గదా! నడుమ ప్రహరీ యుండవచ్చును, రాత్రివేళ తాళము వేయు భవనముండవచ్చును. పటముపై 40 మీటర్ల దూరమున నున్నదానికి చుట్టు తిరిగి 200 మీటర్లు నడువవలసి రావచ్చును. కావున మనము కొలువవలసినది గీతను కాదు, నడకను. బాటవెంట రెండు స్తంభముల నడుమ 300 మీటర్లున్నచో, సరిగా మధ్యనున్నవారికి ఎటు పోయినను 150 మీటర్లు. మామూలు నడకకు ఇంచుమించు రెండు నిమిషములు. కాలు బెణికినవారికి ఎంత పట్టునో శ్రోతలే ఊహింపగలరు.

పిమ్మట రాత్రివేళ కాలినడకను తిరిగి చూడవలెను. నాటిననాడు మొక్కగా నున్న చెట్టు కొన్ని యేండ్లకు దీపమును మరుగుపరచును. మీట నొక్కి, ఎంతసేపటికి బదులు వచ్చెనో, కంఠము స్పష్టముగా నున్నదో లేదో వ్రాసికొనవలెను. అన్నిటికంటె ముఖ్యముగా, మన మున్న చోటు అవతలివారి పట్టికలో సరిగా కనబడుచున్నదా యని అడుగవలెను. స్తంభమును వేరొక చోటికి మార్చి పట్టికను దిద్దకున్నచో, అది పలుకని స్తంభముకంటె ప్రమాదకరము. పలుకనిది పలుకలేదని వెంటనే తెలియును; ఇది రక్షకులను మరియొక చోటికి పరుగెత్తించును. చక్రముల కుర్చీలో నున్నవారి మాటయు మరువరాదు. మీట నేలనుండి 48 అంగుళములకు మించిన ఎత్తున నుండరాదని అచ్చటి 2010 నాటి ప్రమాణములు చెప్పుచున్నవి. మీట ఎత్తు సరిపోయినను, దానిని చేరుటకు రెండు మెట్లెక్కవలసి యున్నచో ఫలమేమి?

అందరి చేతను సెల్‌ఫోనులుండగా ఈ స్తంభము లెందుకని కొన్ని విశ్వవిద్యాలయములు వీనిని తొలగించినవి. వచ్చు పిలుపులు కొద్ది, అందును ఆకతాయిల చేష్టలు మెండు అనుట కారణము. ఈ వాదము పూర్తిగా త్రోసివేయదగినది కాదు. బాగుచేయుటకు ఏటేటా డబ్బు కావలెను. ఐనను పిలుపుల లెక్కనుబట్టి మాత్రమే నిర్ణయించుట మాకు సమ్మతము కాదు. నూతిగట్టు ఎందరిని పడకుండ ఆపినదో ఎవరు లెక్కించిరి? ఒకదాని ప్రక్క నొకటిగా నున్న చోట్ల కొన్నిటిని తీసివేయవచ్చును. సెల్‌ఫోను సంకేతమందని నేలమాళిగలలో, ఒంటరి బాటలలో ఉంచి తీరవలెను.

పటమునకు అందని సంగతి యొకటి కలదు. 1986లో లీహై విశ్వవిద్యాలయమున జీన్ క్లెరీ యను విద్యార్థిని హత్యకు గురియైనది. ఆ దారుణము ఫలితముగా 1990లో వచ్చిన శాసనము, విద్యాలయములు తమ ఆవరణలలోని నేరముల లెక్కలను ఏటేటా ప్రకటింపవలెనని నిర్బంధించినది; నీలిదీపములను నాటుమని మాత్రము చెప్పలేదు. ఆమె మరణించినది చీకటి బాటలో కాదు, తన వసతిగృహపు గదిలో. తాళము పడకుండ తెరచి యుంచిన తలుపులగుండ హంతకుడు లోనికి వచ్చెను. అట్టి తలుపులకు వేరొక పటము గీయవలసి యుండును.