మెట్లు కదిలే వాద్యం

వీణ కొనడానికి వెళ్లినవాళ్ల కన్ను ముందు యాళి తల మీద, కుండ మీది నగిషీ మీద పడుతుంది. వాయించేవాళ్లు మాత్రం నేరుగా మెట్లు చూస్తారు. రెండు మైనపు గట్ల మీద నిలిపిన 24 ఇత్తడి మెట్లు. వీణ చేతికి లొంగుతుందో లేదో అక్కడే తేలిపోతుంది.

ఈ అమరికను తంజావూరు ఏలిన తెలుగు రాజు రఘునాథ నాయకుడి పేరుతో చెబుతారు. 17వ శతాబ్దం మొదటి పాదం నాటి మాట. అంతకుముందే, 1550లో, రామామాత్యుడు ‘స్వరమేళకళానిధి’లో వీణకు మెట్లు ఎక్కడ నిలపాలో రాసిపెట్టాడు. రాగం మారితే మెట్లు జరుపుకోవలసిన వీణలు కూడా అప్పట్లో ఉండేవి. స్థాయికి 12 చొప్పున రెండు స్థాయిలకూ మెట్లు నిలిపేస్తే ఆ తిప్పలు తప్పాయి. ఇందులో రాజుగారి వాటా ఎంత, మంత్రి గోవింద దీక్షితుల వాటా ఎంత అన్నది తెగని తగవు. రాజు పేరున ఉన్న ‘సంగీతసుధ’ను రాసింది తన తండ్రేనని దీక్షితుల కొడుకు వేంకటమఖి చెప్పుకున్నాడు మరి!

మేళం కట్టేవారి, అంటే మెట్లు నిలిపేవారి, పని చూడాలి. మైనంలో నల్లపొడి కలిపి దండి మీద గట్లు కడతారు. మెట్టు పెట్టి, తీగ నొక్కి మీటి, చెవొగ్గి వింటూ వెంట్రుకవాసి జరుపుతారు. నొక్కినప్పుడు తీగ బిగుసుకుని శ్రుతి కొంచెం హెచ్చుతుంది. కొలబద్దతో గీత గీసి మెట్టు పెడితే ఈ హెచ్చు లెక్కలోకి రాదు. చెవితో పెడితే దానంతటదే సర్దుకుంటుంది.

గిటారులో ఈ శ్రుతి సవరణ వేరుగా ఉంటుంది. అమెరికాలో వాద్యాలు చేసే ఆర్విల్ గిబ్సన్ చెక్కను వయొలిన్‌లా ఉబ్బెత్తుగా చెక్కే పద్ధతికి 1898లో పేటెంటు పొందాడు. ఆ దారిలో 1922లో వచ్చిన ఎల్-5 గిటారుకు మెట్లు మెడలో దిగ్గొట్టి ఉంటాయి. తీగలు ఆనే గుర్రాన్ని అతికించరు, తీగల ఒత్తిడికే నిలబడుతుంది. శ్రుతి తప్పితే దాన్నే ముందుకో వెనక్కో జరుపుతారు. వీణలో జరిపేది గుర్రాన్ని కాదు, మెట్లను. గుర్రం జరిపితే మెట్లన్నిటికీ కలిపి ఒకటే సవరణ, ఇక్కడ దేని తప్పు దానికే దిద్దుబాటు. నా ఓటు వీణకే.

అయితే దీనికి ఎండంటే పడదు. తేనె మైనం 62 డిగ్రీల దగ్గర కరుగుతుంది, మెత్తబడటం ఆ లోపే మొదలవుతుంది. మే నెలలో జనగామలోనో మహబూబాబాద్‌లోనో ఎండన నిలిపిన కారులో వీణ వదిలేస్తే మెట్లు పక్కకు ఒరుగుతాయి. దక్కలి కళాకారుల కిన్నెర మెట్లు నిలిచేదీ మైనంతోనే, దానికీ ఇదే గండం.

పరీక్ష సులువే. 12వ మెట్టు పైన సారణి తీగను నొక్కకుండా వేలు ఆనించి మీటండి, తార షడ్జం పలుకుతుంది. తర్వాత నొక్కి మీటండి. ఇప్పుడు హెచ్చుగా వినిపిస్తే మెట్టు గుర్రం వైపు జరిగినట్టే. ఆ తర్వాత ప్రతి మెట్టూ నొక్కుతూ పోవాలి. ఎక్కడైనా జరజరమంటే దాని పక్క మెట్టు ఎత్తుగా ఉందన్నమాట. ఒక మెట్టు మీదే తీగ లాగి రెండు మూడు స్వరాలు పైకి పలికించి చూడాలి. మెట్టు అరిగి గాడి పడితే తీగ అక్కడే చిక్కుకుని గమకం కుంటుతుంది.

వీటన్నిటికీ కొత్త మేళం కట్టిస్తే సరి. దండి వంగితే మాత్రం మైనంతో అయ్యేది కాదు. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో వీణ మొత్తాన్ని ఒకే పనస మొద్దులోంచి తొలుస్తారు. అతుకు లేదు కాబట్టి అతుకు దగ్గర వంగే భయమూ లేదు.