పొట్టి పాయలు, పొడుగు జుట్టు, గోదారి గాలి

ఆషాఢం వచ్చిందంటే ఖమ్మంలో పొద్దున్నే దిద్దుకున్న ఉంగరాల జుట్టు కొత్తగూడెం, పాల్వంచ దాటి గోదారి వంతెన ఎక్కేసరికి రూపు మార్చేస్తుంది. బస్సులో కిటికీ పక్క సీటు దొరికితే ఇక చెప్పనే అక్కర్లేదు. నడినెత్తి మీది పొట్టి పాయలు లేచి నిలబడతాయి. చెంపల దగ్గరివి ఉబ్బుతాయి. వీపు మీద వేలాడే పొడుగు పాయలు మాత్రం తమకేమీ పట్టనట్టు సన్నగా ఉంటాయి. ముచ్చటపడి లేయర్ కట్ చేయించుకుని, తర్వాత మనసు మారి జుట్టు పెంచుతున్న వాళ్లందరి కష్టమూ ఇదే. ‘పెరిగితే అదే సర్దుకుంటుందిలే’ అని అమ్మలూ, పార్లర్ వాళ్లూ ఓదారుస్తుంటారు. అది సర్దుకోదు.

ఎందుకో లెక్క వేస్తే తెలుస్తుంది. తల వెంట్రుక నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. పైపాయా అంతే, అడుగుపాయా అంతే. ఇవాళ రెండింటికీ 12 సెంటీమీటర్ల తేడా ఉంటే, కత్తెర ముట్టించకుండా రెండేళ్లు ఓపిక పట్టినా ఆ తేడా అలాగే ఉంటుంది. పైది కిందిదాన్ని అందుకోవాలంటే కిందిదాన్ని కాస్త ఆపాలి. పెరిగిందల్లా అడుగున కత్తిరిస్తూ పోతే ఏడాదికి సమమవుతుంది కానీ, అప్పటిదాకా పొడుగు ఒక్క అంగుళమూ పెరగదు. ‘ఇంకెందుకు పెంచడం’ అనిపించి మళ్లీ పొట్టిగా కత్తిరించేసుకునేది ఇలాంటప్పుడే. నా ఓటు రెండో దారికి. నాలుగు నెలలకోసారి రెండు సెంటీమీటర్లు, అదీ అడుగు అంచు మాత్రమే తీయించాలి. రెండేళ్లకు తేడా పోతుంది, ఏటా ఆరు సెంటీమీటర్ల పొడుగూ మిగులుతుంది. కత్తిరించే అమ్మాయికి ముందే ఒక మాట చెప్పాలి: జుట్టు ఆరి, రింగులు కుదురుకున్నాకే కత్తెర పట్టమని. తడిపి, సాగదీసి కోస్తే ఆరాక ఒక్కో రింగు ఒక్కో ఎత్తుకు ఎగబాకుతుంది.

భద్రాచలంలో మూడో దారి కూడా ఉంది, కల్యాణకట్ట. రామయ్యకు మొక్కుకుని గుండు చేయించుకుంటే లేయర్లన్నీ ఒక్కపూటలో సమం! ‘గుండు తర్వాత రింగులు పోయి నిలువు జుట్టు వస్తుంది’ అనే మాట మాత్రం నమ్మకండి. వంపు పుట్టేది చర్మం కింద, కుదురు ఆకారంలో. మంగలికత్తి అక్కడిదాకా పోదు.

ఇక జుట్టు రేగడం సంగతి. మాడు మీద ఊరే జిడ్డు నిలువు వెంట్రుక మీదుగా తేలిగ్గా చివరిదాకా జారుతుంది. మెలికలు తిరిగిన వెంట్రుకలో సగం దారిలోనే ఆగిపోతుంది. అందుకే రింగుల జుట్టుకు కుదుళ్లలో జిడ్డు, చివర్లలో కరువు. పొడిబారిన చోట పైపొర పొలుసులు లేచి ఉంటాయి. గాలిలో తేమ పెరగగానే అక్కడ నీరు చొరబడుతుంది. వెంట్రుక లోపలి కెరాటిన్ బంధాలు కొన్ని విడిపోయి, ఎటు వీలైతే అటు మళ్లీ ముడిపడతాయి. పొట్టి పాయలను కిందికి లాగే బరువు లేదు కాబట్టి ముందు లేచేవి అవే. ఒక పక్క గోదారి, ఇంకో పక్క కిన్నెరసాని, చుట్టూ అడవి. వానాకాలం తేమకు ఇక్కడ లోటేముంది?

‘అడవి పక్కనే ఉండి కుంకుళ్లు వదిలేసి షాంపూలేంటి’ అనే పెద్దవాళ్ల విసురు ప్రతి ఇంట్లోనూ వినిపిస్తుంది. కుంకుడు, శీకాయ ఈ అడవుల సంపదే, కాదనను. 1956లో పుట్టిన గిరిజన సహకార సంస్థ గిరిజనుల దగ్గర కొనే అటవీ ఫలసాయంలో ఇవీ ఉన్నాయి. కానీ చెట్టుకు కాసింది కదా అని కుంకుడు మెత్తనిది అయిపోదు. అందులోని సాపోనిన్లు జిడ్డును ఊడ్చి పారేస్తాయి. మన నాయనమ్మలకు అది సరిపడిందంటే కారణం ఉంది. వాళ్ల తలంటులో ముందు గిన్నెడు నూనె, తర్వాతే కుంకుడు రసం. మనం నూనె మానేసి కుంకుడును మాత్రం పట్టుకున్నాం. పైగా రసం తీసే ఓపిక లేక పొడి కలిపి రుద్దుతున్నాం. ఆ పిప్పి రింగుల్లో ఇరుక్కుంటే దువ్వెనకు లొంగదు.

నూనె పెట్టడం ఉత్త ఆచారం కాదు. రెలే, మోహిలే అనే ఇద్దరు భారతీయ పరిశోధకులు 2003లో కొబ్బరి, పొద్దుతిరుగుడు, మినరల్ నూనెలను పోల్చి చూశారు. వెంట్రుకలోని ప్రొటీన్ నష్టాన్ని బాగా తగ్గించింది కొబ్బరినూనె ఒక్కటే. వాళ్లు పనిచేసింది కొబ్బరినూనె అమ్మే సంస్థలోనే అనుకోండి! అయినా ఆ నూనె వెంట్రుక లోపలికి ఇంకుతుందన్న మాట నిలబడింది. తలస్నానానికి ముందు రాత్రి చివర్లకు పట్టించండి. సంతలో ఇప్పపలుకుల నూనె దొరికితే చలికాలానికి దాచుకోండి. చలికి వెన్నలా పేరుకునే ఆ నూనె పొడి చివర్లకు బాగా పడుతుంది. వానాకాలంలో మాత్రం బరువైపోతుంది.

మందారాకు రుబ్బి, పలుచటి గుడ్డలో వడగట్టి ఆ జిగురు పట్టిస్తే చిక్కు వేళ్లతోనే వీడుతుంది. చిక్కు తీసేది జుట్టు తడిగా ఉండగానే, చివర్ల నుంచి పైకి, పళ్లు దూరంగా ఉన్న దువ్వెనతో. ఆరిన రింగులను దువ్వారా, ఇక ఆ పూటకు వాటి మీద ఆశ వదులుకోవాల్సిందే. టర్కీ తువ్వాలుతో రుద్దొద్దు, పాత నూలు చీర ముక్కతో అద్దండి. బోరు నీళ్లకు సబ్బు నురగ రాని ఊళ్లలో ఆఖరి చెంబు నల్లా నీళ్లో, పట్టి ఉంచిన వాన నీళ్లో అయితే మేలు. గ్లిజరిన్ ఉన్న క్రీములను ఆషాఢం నుంచి భాద్రపదం దాకా అలమారలోనే ఉండనివ్వండి. అవి గాలిలోని తేమను వెంట్రుకలోకి లాగుతాయి. ఆ నెలల్లో అవిసె గింజలు ఉడికించి తీసిన జిగురే నయం. పొట్టి పాయలు మొండికేసిన రోజున రెండు పక్కలా పలుచగా అల్లి వెనక్కి కలిపేయండి. హాస్టల్ పిల్లల మడత జడల్లా బిగించి లాగితే మాత్రం కణతల దగ్గర జుట్టు ఊడుతుంది.

2011లో ‘అలా మొదలైంది’తో నిత్యా మీనన్, 2016లో ‘అఆ’తో అనుపమా పరమేశ్వరన్ రింగుల జుట్టుతోనే తెలుగు తెర మీదికి వచ్చారు. అయినా శ్రావణ ముహూర్తాలు పడగానే పార్లర్లకు స్ట్రెయిటెనింగ్ బేరాలు తగ్గవు. పెళ్లి కోసం ఒక్కసారే కదా అనుకునే వాళ్లు ఈ సంగతి వినాలి. ఫ్రాన్స్ వైద్యులు 2024లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఒక యువతి కేసు రాశారు. ఆమె మూడుసార్లు జుట్టు సాఫీ చేయించుకుంటే, మూడుసార్లూ కిడ్నీలు దెబ్బతిన్నాయి. వాడిన క్రీములో గ్లయాక్సిలిక్ ఆమ్లం ఉంది. ఫార్మాల్డిహైడ్ వెలువడే క్రీముల ముప్పు ఎటూ ఉండనే ఉంది. కుర్చీలో కూర్చునే ముందు డబ్బా అడిగి, వెనక రాసింది చదవండి. చూపించకపోతే లేచి వచ్చేయండి.