టిప్పణములను దాచుకొనుట

మన యిండ్లలో చిల్లర వ్రాతలకు కొదవ లేదు. పాలవాని పద్దు, ఆవకాయ కొలతలు, అత్తగారు చెప్పిన వ్రతవిధానము – ఇవన్నియు ఏదో యొక కాగితముపై వ్రాసి, ఏ డబ్బా క్రిందనో దాచి, అక్కఱకు వచ్చిన దినమున ఇల్లెల్ల వెదకుట మనకు అలవాటు. అవి పోయినను మరల సంపాదింపవచ్చును. పోయినచో మరల రాని వ్రాతలు కొన్ని గలవు. అట్టి వానిని గూర్చియే నేను చెప్పబోవుచున్నాను.

మా తండ్రిగారికి ఎనుబది రెండేండ్లు. కావ్యములన్నియు వారి సన్నిధిని ఇంటనే చదువుకొంటిని. తిక్కనగారి విరాటపర్వమునకు వారు నోట చెప్పు విశేషార్థములు నేను చూచిన ముద్రిత వ్యాఖ్యలలో కానరాలేదు. వానిని వ్రాసిపెట్టవలెనని నాలుగేండ్ల క్రిందట మొదలిడితిని. ఫోనులో వ్రాయుట సులువని, ఉచితముగా దొరకు నొక యాపులో సుమారు రెండువందల పద్యముల అర్థములు చేర్చితిని. ఒకనాడు ఆ కంపెనీవారు తమ వ్యాపారము చాలించిరి. ముందుగా ఇంగ్లీషున ఏదో తాఖీదు పంపిరట. ప్రకటనల నడుమ కలిసిపోయిన దానిని నేను చూడలేదు. గడువు దాటిన పిమ్మట నా వ్రాత నాకే దక్కలేదు. ఆ రాత్రి అన్నము సహింపలేదు. తండ్రిగారిని మరల మొదటినుండి అడిగితిని. కొన్ని చెప్పిరి. కొన్నిటికి, "నేనట్లు చెప్పితినా, అమ్మా?" అని నన్నే యడిగిరి.

మా మేనల్లుడు కంప్యూటరు కొలువులో నున్నవాడు. సంక్రాంతికి వచ్చినప్పుడు ఈ గోడు విని, "అత్తా, మన వ్రాత మన యింటనే యుండవలెను" అని, మావారి పాత కంప్యూటరులో ఈమాక్సు అను టెక్స్టు ఎడిటరును, దానిలోని ఆర్గ్ మోడ్ అను అనుబంధమును చూపెను. ఇట్టి యనుబంధమును వారు ప్లగిన్ అందురు. టెక్స్టు ఎడిటరనగా వట్టి అక్షరములను వ్రాయుటకును దిద్దుటకును ఏర్పడిన పరికరము. ఈమాక్సు 1976లో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థయందు పుట్టినది. రిచర్డు స్టాల్మన్ 1985లో దానిని గ్నూ ఈమాక్సు అను పేర క్రొత్తగా రచించి, ఎల్లరును ఉచితముగా వాడుకొనునట్లు విడిచిపెట్టెను. ఆర్గ్ మోడ్‌ను 2003లో కార్‌స్టెన్ డొమినిక్ కల్పించెను. ఆయన ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయమున ఖగోళశాస్త్రజ్ఞుడు. తన పనులను, టిప్పణములను సర్దుకొనుటకే దీనిని చేసికొనెను. 2007 నుండి అది ఈమాక్సుతోనే కలిసి వచ్చుచున్నది గనుక వేరుగా తెచ్చుకొన బనిలేదు.

వరుస మొదట ఒక నక్షత్రపు గుర్తు పెట్టి, కొంచెము ఎడమిచ్చి వ్రాసినచో అది శీర్షిక యగును. రెండు పెట్టినచో ఉపశీర్షిక. ఖగోళజ్ఞుని కల్పనలో నక్షత్రముండుట నాకెంతో ముచ్చటగా తోచినది. ఆ గుర్తు ఈమాక్సులో అంతకు మునుపే యున్నదని చెప్పి మేనల్లుడు నా ముచ్చట కాస్త తీసివేసెను! నా ఫైలులో విరాటపర్వపు అయిదాశ్వాసములకు అయిదు ఒంటి నక్షత్రములు, పద్యమునకొక జంట నక్షత్రము, దాని క్రింద తండ్రిగారి మాట. శీర్షికపై నిలిచి ట్యాబు మీట నొక్కినచో క్రిందిదంతయు చీర మడతవలె మడతపడును. మరల నొక్కిన విప్పుకొనును. వేయి వరుసలున్నను తెరమీద అయిదే కనబడునట్లు చేయవచ్చును.

చేయవలసిన పనికి శీర్షిక ముందు టూడూ అనియు, అయినదానికి డన్ అనియు ఇంగ్లీషు మాటలు వచ్చును. వానికి మారుగా మనకు వలసిన మాటలను ఫైలు మొదట ఒక వరుసలో వ్రాసికొనవచ్చును. నేను 'అడుగవలెను', 'తెలిసినది' అని పెట్టుకొంటిని. కంట్రోలు మీట పట్టి సీ, పిదప టీ నొక్కినచో ఒకటి పోయి మరియొకటి వచ్చును. మనము పేర్కొన్న ఫైళ్లన్నిటను వెదకి, మిగిలిన పనులను ఒక్కచోట చూపు అజెండా అను సదుపాయము గూడ గలదు. పుట్టింటికి పోవునపుడు ఆ జాబితాయే నా చేతిచీటీ.

అయితే నన్ను కట్టివేసినది ఈ సొగసులు గావు. మడతలును జాబితాలును చూపుటలోనివే. ఫైలులో నున్నవి వట్టి అక్షరములు. ఆర్గ్ మోడ్ లేని కంప్యూటరులో సామాన్యమైన ఎడిటరుతో తెరచినను నక్షత్రములతో సహా చదువవచ్చును. మావారు మునుపు పాతరకపు ఖతిలో టైపు చేయించిన పాఠములు నేడు తెరచినచో పిచ్చిగీతలు. ఆ ఖతులలో ఇంగ్లీషక్షరముల సంఖ్యలకే తెలుగు రూపములను తొడిగియుండిరి. ఖతి లేనిచోట తొడుగు ఊడిపోవును. యూనికోడులో తెలుగక్షరములకు 1991 నాటి మొదటి కూర్పునుండియు సొంత సంఖ్యలు గలవు. ఫైలులో ఒక్కొక్క తెలుగు సంకేతమునకు 3 బైటులే పట్టును గనుక, నా మూడేండ్ల వ్రాత ఫోనుతో తీసిన ఒక్క ఛాయాచిత్రమంత బరువు లేదు. ఒక ప్రతి మేనల్లుని వద్ద, ఒకటి బీరువాలోని పెన్‌డ్రైవులో నున్నవి.

లోపములు చెప్పకుండుట న్యాయము గాదు. మీటల జంటలు చేతికి వచ్చుటకు నెల పట్టినది. మొదటి దినమున ఈమాక్సును మూయుట తెలియక కంప్యూటరునే ఆర్పివేసితిని. గళ్ల పట్టికలలో తెలుగక్షరముల వెడల్పులు సరిపడక నిలువుగీతలు వంకరపోవును. అందుచే ఇంటి పద్దులకు ఇప్పటికిని చిట్టాపుస్తకమే వాడుచున్నాను.

గడచిన శ్రావణమున నా మాటల వరుసకు మూడవది చేర్చవలసివచ్చినది. ఉత్తరగోగ్రహణమున ఒక పద్యమును నా చిన్నతనమున వారు పదేపదే చదివి, చదివి మురిసిపోయెడివారు. దానిని చదివి వినిపించి అర్థమడిగితిని. చాలసేపు పుస్తకము వంక చూచి, "బాగున్నదమ్మా! ఎవరు వ్రాసినది?" అనిరి. ఇంటికి వచ్చి, ఫైలు మొదట 'మరచిరి' అను మాటను చేర్చితిని. ఆ పద్యము క్రింద నాకు జ్ఞాపకమున్నంత వ్రాసి, అది నా మాటయని వేరుగా తెలిపితిని.

నేటికి 'తెలిసినది' 211. 'మరచిరి' 9. 'అడుగవలెను' 43. ఎల్లుండి ఉదయపు బస్సుకు పుట్టింటికి పోవుచున్నాను.