తుపాకీకి నంబరుంది... పసుపు పెట్టెకో?

సామాను బెల్టు ఖాళీగా మరో రెండు చుట్లు తిరిగి ఆగిపోయింది. మావి నాలుగు పెట్టెలు. మూడొచ్చాయి. రానిదేదో నేను చూసుకునేలోపే అమ్మ చెప్పేసింది: "పసుపు పెట్టేరా."

దుగ్గిరాల నుంచి టెక్సస్‌కి, అక్క దగ్గరికి, అమ్మను మొదటిసారి తీసుకెళ్లిన రోజది. ఆ పెట్టెలో రెండు కేజీల ఆవకాయ, గోంగూర, నల్లకారం, సున్నుండలు ఉన్నాయి. వాటి సంగతి పర్వాలేదు. ఇంట్లో కొమ్ములు ఎండబెట్టి, మరకు దగ్గరుండి పట్టించిన కిలో పసుపు కూడా అందులోనే ఉంది. బయట దుకాణాల్లో అమ్మేది పసుపా, రంగా అన్నది అమ్మకు ఎప్పటికీ తీరని అనుమానం. పసుపు యార్డున్న ఊరివాళ్లకి ఆ మాత్రం గీర ఉంటుంది.

ఫిర్యాదు కౌంటరు వరుసలో మా ముందు ఒక పెద్దాయన నిలబడ్డాడు. అరవై దాటి ఉంటాయి. నెత్తిన ఆకుపచ్చ మచ్చల టోపీ. ఆఫ్రికాలో వేటకెళ్లి వస్తున్నాడట, రైఫిల్ పెట్టె రాలేదట. నేనైతే ఈపాటికి గొంతు పెంచేవాణ్ని. ఆయన భుజం సంచీలోంచి ఓ ప్లాస్టిక్ కవరు తీసి, అందులోని కాగితాలు ఒక్కొక్కటే కౌంటరు మీద పరిచాడు. టికెట్టు, పెట్టెకు కట్టిన చీటీ ముక్క, పెట్టె ఫొటో, తుపాకీ ఫొటో. ఆఖరున అమెరికా కస్టమ్స్ ముద్ర ఉన్న ఒక ఫారం. కౌంటరులో ఉన్నమ్మాయి ఆ ఫారం చూడగానే ఫోను ఎత్తింది. ఐదు నిమిషాల్లో సూపర్‌వైజరు వచ్చాడు.

తర్వాత మా వంతు. పెట్టె రంగు, సైజు, చక్రాలెన్ని అని అడిగి, "లోపల ఏమున్నాయి?" అంది. అమ్మ వరసగా చెప్పింది, నేను ఇంగ్లిషులోకి మార్చాను. ఆ అమ్మాయి అన్నీ విని కంప్యూటర్లో ఒకే మాట కొట్టింది: ఆహారం.

ఆ పెద్దాయన చూపించిన ఫారం నంబరు 4457. అమెరికా వాళ్లు వేటకో పోటీలకో తుపాకీ బయటికి తీసుకెళ్లేటప్పుడు, బయల్దేరే ముందే దాన్ని కస్టమ్స్ అధికారికి చూపించి, తయారీ, మోడలు, దాని మీద చెక్కిన నంబరు అందులో రాయించుకుంటారు. తిరిగొచ్చినప్పుడు ఇది నా పాత తుపాకీయే, అక్కడ కొన్నది కాదు అని చెప్పుకోవడానికి పనికొచ్చే కాగితం అది. వస్తువు పోయినప్పుడు అదే జాతకమవుతుంది. నిజానికి ఆ ఫారం తుపాకీలకే కాదు, కెమెరాలకీ వాచీలకీ కూడా ఉంది. మనకది అక్కర్లేదు గానీ, దాని వెనకున్న జాగ్రత్త అక్కరకొస్తుంది.

మన దేశంలో వేట ముచ్చట 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంతో దాదాపు ముగిసింది. ఇప్పుడు తెలుగు నేల మీద రైఫిలో పిస్టలో పట్టుకుని విమానమెక్కేవాళ్లు ముఖ్యంగా షూటింగ్ క్రీడాకారులు. 2012 లండన్ ఒలింపిక్స్‌లో ఎయిర్ రైఫిల్ కాంస్యం తెచ్చిన గగన్ నారంగ్, 2024లో పారిస్ వెళ్లిన ఈషా సింగ్ హైదరాబాద్ వాళ్లే. తుపాకీ ఖాళీగా ఉండాలి, గట్టి పెట్టెలో పెట్టి తాళం వేయాలి, తూటాలు వేరుగా కట్టాలి, అవి మనిషికి 5 కిలోలు దాటకూడదు, ముందే విమాన సంస్థ అనుమతి తీసుకోవాలి. ఇన్ని చేసినా కౌంటరు దగ్గర ఏం జరుగుతుందో చెప్పలేం. 2021 ఫిబ్రవరిలో షూటర్ మను భాకర్ భోపాల్ వెళ్లడానికి ఢిల్లీ విమానాశ్రయానికి వస్తే, కాగితాలన్నీ ఉన్నా డబ్బు కట్టమంటూ ఆపేశారని ఆమే బహిరంగంగా చెప్పింది. కేంద్ర క్రీడా మంత్రి కల్పించుకున్నాక గానీ విమానం ఎక్కలేదు. దేశానికి ఆడే అమ్మాయి గతే అది.

తుపాకీ కనిపించకపోతే కంగారు విమాన సంస్థది మాత్రమే కాదు. లైసెన్సు ఉన్న ఆయుధం పోతే దగ్గర్లోని పోలీసు స్టేషన్‌లో వెంటనే చెప్పాలన్నది మన లైసెన్సు షరతుల్లోనే ఉంటుంది. పోలీసుల పేరు వినపడితే ఫోన్లు వాటంతటవే మోగుతాయి. ఆవకాయ పోతే ఏ ఠాణా పట్టించుకుంటుంది? వెతకడంలో తేడా ఉందంటే అందుకే ఉంది. పరిహారం దగ్గరికొచ్చేసరికి మాత్రం చట్టం రెండింటినీ ఒకే కాటాలో వేస్తుంది.

అసలు పాత చట్టమైతే నిజంగానే కాటా చట్టం. 1929 నాటి వార్సా ఒప్పందం సామానును కిలోల్లో కొలిచేది. దాని లెక్కన కిలోకు 20 డాలర్లు వచ్చేవి. అంటే 23 కిలోల పచ్చళ్ల పెట్టెకు 460 డాలర్లు, ఏడు కిలోల రైఫిల్ పెట్టెకు 140. దుగ్గిరాల యార్డు హమాలీకి చెబితే న్యాయమే అంటాడేమో గానీ, తుపాకీవాడు ఒప్పుకోడు. 1999 మాంట్రియల్ ఒప్పందం తూకాన్ని పక్కనపెట్టి మనిషిని లెక్కలోకి తీసుకుంది. మన దేశం 2009లో అందులో చేరింది. సామాను పోయినా, పాడైనా, ఆలస్యమైనా ఒక్కో ప్రయాణికుడికి గరిష్ఠంగా 1,519 ఎస్‌డీఆర్‌లు. ఎస్‌డీఆర్ అంటే అంతర్జాతీయ ద్రవ్యనిధి లెక్కగట్టే కరెన్సీ విలువ. ఈ మొత్తం రెండు వేల డాలర్ల చుట్టూ ఉంటుంది. 2024 డిసెంబరు 28కి ముందు 1,288 ఉండేది.

ఇది గరిష్ఠం మాత్రమే, అడగ్గానే చేతిలో పెట్టేది కాదు. ఏం పోయిందో, దాని విలువెంతో చూపించుకోవాలి. అంతకంటే ఖరీదైనది పెట్టెలో ఉంటే, అప్పగించేటప్పుడే ప్రత్యేకంగా ప్రకటించి, అడిగితే అదనపు రుసుము కట్టొచ్చని ఒప్పందంలోనే ఉంది. ఈ వెసులుబాటు ఉందని కౌంటర్లో ఎవరూ తమంతట తాము చెప్పరు.

ఇంకో చిక్కు. హైదరాబాద్ నుంచి కాకుండా గన్నవరంలో ఎక్కి ఢిల్లీలోనో ముంబయిలోనో విమానం మారేవాళ్లు, ఆ మొదటి ముక్కకు విడిగా టికెట్టు కొంటుంటారు, చవకని. అది దేశీయ ప్రయాణం కిందికి వస్తుంది. సామాను అక్కడే పోతే పరిహారం 20,000 రూపాయలు దాటదు. మొత్తం ఒకే టికెట్టైతే ఆ ముక్క కూడా అంతర్జాతీయ ప్రయాణంలో భాగమే. నాలుగు వేలు మిగిలాయని సంబరపడేవాళ్లు ఒక్కసారి ఆలోచించుకోవాలి.

మన కుటుంబాలకు అచ్చంగా సరిపోయే తీర్పు యూరప్‌లో ఒకటి ఉంది. 2008లో బార్సిలోనా నుంచి పారిస్ వెళ్తూ ఒక స్పెయిన్ కుటుంబం, నలుగురూ, తమ సామానంతా రెండు పెట్టెల్లో సర్దుకున్నారు. రెండూ పోయాయి. పరిహారం పెట్టెల లెక్కనా, మనుషుల లెక్కనా? 2012లో యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం తేల్చింది: వేరొకరి పేరు మీద వేసిన పెట్టెలో నీ వస్తువులున్నట్టు రుజువు చేసుకుంటే నీకూ హక్కుంది. ఆ తీర్పు మన కోర్టులను కట్టిపడేయదు గానీ, వాదించడానికి పనికొస్తుంది. మేమేం చేశాం? నాలుగు పెట్టెలూ నా పేరు మీదే వేయించాం. పసుపు అమ్మది, పెట్టె నాది. దాంట్లో అమ్మ వస్తువులున్నాయని చూపడానికి మా దగ్గర ఒక్క ఫొటో కూడా లేదు.

ఆ రాత్రి ఇంటికి ఫోను చేస్తే నాన్న మొదట అడిగింది పెట్టె గురించి కాదు.

"చీటీ రాయించారా?"

"ఏ చీటీ నాన్నా?"

"పోయిందని రాసిచ్చే చీటీరా. తక్‌పట్టీ లేకుండా బస్తా గేటు దాటితే ఇంకేముంది, ఎవరి సరుకో ఎవరికి తెలుసు?"

నాన్న యార్డులో ఓ కమీషన్ కొట్టులో ముప్పై ఏళ్లు గుమాస్తాగా చేశారు. విమానం ఎన్నడూ ఎక్కలేదు. అయినా సంగతి అక్కడే పట్టేశారు. రైతు పేరు, బస్తాలెన్ని, కొమ్మా కాయా, తూకమెంత, ధరెంత అన్నీ చీటీ మీదికెక్కాకే సరుకు కదులుతుంది. విమానాశ్రయంలో ఆ తక్‌పట్టీ పేరు ప్రాపర్టీ ఇర్రెగ్యులారిటీ రిపోర్ట్, పొట్టిగా పీఐఆర్. కస్టమ్స్ దాటి బయటికెళ్లకముందే రాయించాలి. దానికో పదక్షరాల నంబరిస్తారు: మొదటి మూడు అక్షరాలు ఊరు, తర్వాత రెండు విమాన సంస్థ, చివర ఐదు అంకెలు. ప్రపంచంలో చాలా సంస్థలు వాడే వరల్డ్‌ట్రేసర్ అనే వ్యవస్థలో ఆ నంబరుతోనే వెతుకులాట మొదలవుతుంది. రెండు మూడు విమానాలు మారి వస్తే ఆఖరున దింపిన సంస్థ దగ్గరే రాయించుకోవాలి. "తప్పు వాళ్లది, అక్కడికి వెళ్లండి" అంటే కదలకూడదు. సామాను విషయంలో మొదటి సంస్థనూ చివరి సంస్థనూ కూడా అడిగే హక్కు ఒప్పందం ఇచ్చింది.

అయితే పీఐఆర్ ఉందని కూర్చుంటే మునుగుతాం. అది ఫిర్యాదు నమోదు, పరిహారపు దావా కాదు. పెట్టె వచ్చి లోపల పాడైతే ఏడు రోజుల్లో, ఆలస్యంగా వస్తే చేతికొచ్చిన 21 రోజుల్లో రాతపూర్వకంగా అడగాలి. రావలసిన రోజు నుంచి 21 రోజులైనా రాకపోతే పోయినట్టే లెక్క. కోర్టుకెళ్లాలంటే రెండేళ్లే గడువు, ఒక్క రోజు దాటినా ఎవరూ వినరు. విమాన సంస్థల మీద వినియోగదారుల ఫోరాలకు వెళ్లొచ్చని మన సుప్రీంకోర్టు 2011లోనే చెప్పింది. అమెరికా ప్రయాణాలకు ఇంకో వెసులుబాటుంది. 2024 అక్టోబరు నుంచి అక్కడి నిబంధన ప్రకారం, 12 గంటలు దాటిన అంతర్జాతీయ విమానంలో పెట్టె 30 గంటల కంటే ఆలస్యంగా వస్తే, ఆ పెట్టెకు కట్టిన సామాను రుసుము వెనక్కివ్వాలి. మూడో పెట్టె కోసం డబ్బు కట్టి మరీ పచ్చళ్లు తీసుకెళ్లే మనవాళ్లకిది చిన్న విషయం కాదు.

పెట్టెలు ఎందుకు తప్పిపోతాయంటే, అన్నింటికంటే పెద్ద కారణం విమానం మారే చోటు. విమానయాన రంగానికి సాంకేతిక సేవలందించే సీటా సంస్థ లెక్కల ప్రకారం 2007లో ప్రతి వెయ్యి మంది ప్రయాణికులకు దాదాపు 19 పెట్టెలు దారి తప్పేవి, 2024కి అది 6.3కి దిగింది. మెరుగైందనే చెప్పాలి, మన పెట్టె ఆ ఆరింట్లో లేనంత వరకు. ఇక అమెరికాలో సాధారణంగా మొదట దిగిన ఊళ్లోనే పెట్టెలు తీసుకుని, కస్టమ్స్ దాటించి, మళ్లీ మనమే బెల్టు మీద వేయాలి. చాలామంది పెద్దవాళ్లు ఇది తెలియక చివరి ఊళ్లో చూసుకుందామని వదిలేసి వెళ్తారు. హడావుడిగా సామాను అప్పగించేటప్పుడు ఒక్క క్షణం ఆగి, పెట్టె పట్టీ మీది మూడక్షరాలు చదివితే చాలు. మనం వెళ్లే ఊరివి కాకపోతే అక్కడికక్కడే మార్పించవచ్చు. బీపీ, షుగరు మాత్రలు మాత్రం పెట్టెలో వేయొద్దు. మా అమ్మ వేసింది.

ఐదో రోజు మధ్యాహ్నం పెట్టె గుమ్మం ముందుకొచ్చింది. ఒక చక్రం లేదు. తాళం కోసి, లోపల తనిఖీ చేశామని చీటీ పెట్టారు. పసుపు కవరు చిరిగి సున్నుండలు, చీరలు, నాన్న పంపిన పంచాంగం అన్నీ పచ్చగా మారాయి. కరివేపాకు రెబ్బలు తీసేశారు. పచ్చి కరివేపాకును అమెరికా రానివ్వదని అప్పుడే తెలిసింది. ఆవకాయ సీసాలు మాత్రం, వాటికి చుట్టిన పాత లుంగీల పుణ్యమా అని, చెక్కు చెదరలేదు.

చక్రానికి, చీరలకు దరఖాస్తు పెడదామన్నాను. అమ్మ వద్దంది. వచ్చిందిగా, ఇంకా ఏం కావాలంది. అక్క ఊరుకోలేదు. ఫొటోలు తీసి, మాత్రలు కొన్న రసీదు జతచేసి, ఆరో రోజే మెయిల్ పంపింది. రెండు నెలల తర్వాత కొంత డబ్బు వచ్చింది. ఎంతన్నది ఇక్కడ రాస్తే నవ్వుతారు. మాత్రల ఖర్చూ చక్రం ఖర్చూ ఇచ్చారు. చీరలకు రసీదుల్లేవు కాబట్టి పైసా ఇవ్వలేదు.

కిందటి నెల అమ్మ మళ్లీ బయల్దేరింది. ముందురోజు రాత్రి మంచం మీద దుప్పటి పరిచి, పెట్టెలోకి వెళ్లాల్సినవన్నీ దాని మీద పేర్చింది. ఎండుకొబ్బరి చిప్పలు నేనే పక్కకు తీశాను, వాటికి నిప్పంటుకునే గుణం ఉందని విమానాల్లో ఒప్పుకోరు. పిల్లాడు మంచమెక్కి ఫొటో తీశాడు. తర్వాత అమ్మ ఒక రూళ్ల కాగితం తీసుకుని గోడకానుకుని కూర్చుంది. నాన్న పెట్టెను కాటాకు తగిలించి, ముల్లు నిలిచేదాకా ఆగి, యార్డులో పాట పెట్టినప్పటి గొంతుతో ఇల్లంతా వినపడేలా అన్నారు.

"ఇరవై రెండు... ఆరొందలు!"

"రాసుకున్నా. రెండోది తగిలించండి."